అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్ తరువాత గుండె లయ తప్పితే కుటుంబం ఏం చూడాలి, ఏం అడగాలి

అన్నవాహిక క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగిన రెండో రోజో మూడో రోజో ఐసీయూ డాక్టరు బయటికి వచ్చి, గుండె లయ తప్పింది, మందు మొదలుపెట్టాం అని చెబితే, బెంచీ మీద కూర్చున్న కుటుంబానికి కాళ్లూ చేతులూ ఆడవు. ఆపరేషన్ బాగా జరిగిందని మొన్ననే చెప్పారు కదా, ఇంతలో గుండెపోటు ఎక్కడి నుంచి వచ్చింది అని అడుగుతారు. చాలావరకు అది గుండెపోటు కాదు. గుండె రక్తనాళం మూసుకుపోవడం వేరు, గుండె కొట్టుకునే తాళం చెదిరిపోవడం వేరు. ఈ ఆపరేషన్ తరువాత ఎక్కువగా కనిపించేది రెండోది. దాని పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఆసుపత్రి మాటల్లో 'ఏ ఫిబ్'. వేర్వేరు ఆసుపత్రుల లెక్కలు వేర్వేరుగా ఉన్నా, ఈ ఆపరేషన్ చేయించుకున్న ప్రతి వందమందిలో సుమారు 15 నుంచి 30 మందికి ఇది వస్తుంది. అంటే ఇది అరుదైన దురదృష్టం కాదు, ముందే తెలుసుకుని సిద్ధపడవలసిన విషయం.

ఈ వ్యాసం రోగికీ, రోగి పక్కన ఉండేవారికీ ఉద్దేశించినది. ఏ మందు ఎంత ఇవ్వాలన్నది డాక్టర్ల పని, దాని జోలికి నేను పోను. కుటుంబం చేయగలిగిన పనులు మాత్రం చాలా ఉన్నాయి. వాటిలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది ఒక్క ప్రశ్న: గుండె లయ ఎందుకు తప్పింది? ఈ ఆపరేషన్ తరువాత గుండె తనంతట తాను లయ తప్పే సందర్భాలూ ఉంటాయి. ఛాతీలో మరెక్కడో మొదలైన ఇబ్బందికి గుండె ముందుగా స్పందించే సందర్భాలూ ఉంటాయి. రెండో రకాన్ని ఆలస్యంగా గుర్తిస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే, లయ తిరిగి కుదిరిందన్న కబురు వినగానే ఆ ప్రశ్నను వదిలేయకూడదు.

అసలు ఏం జరుగుతుంది

గుండెకు పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు ఉంటాయి. మామూలుగా కుడి కర్ణికలోని ఒక చిన్న కేంద్రం నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పంపుతుంది. గుండె మొత్తం దాని తాళానికే నడుస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కర్ణికల గోడల నిండా నిమిషానికి 350 నుంచి 600 దాకా అస్తవ్యస్తమైన సంకేతాలు పుడతాయి. కర్ణికలు ముడుచుకోవడం మాని వణుకుతూ ఉండిపోతాయి. ఆ సంకేతాల్లో కొన్ని మాత్రమే కిందికి దిగుతాయి కాబట్టి నాడి నిమిషానికి 110 నుంచి 170 వరకు, ఒక పద్ధతి లేకుండా కొట్టుకుంటుంది. కొందరికి ఛాతీలో పక్షి రెక్కలు కొట్టుకున్నట్టు అనిపిస్తుంది, కొందరికి ఆయాసం, కళ్లు తిరగడం ఉంటాయి, మరికొందరికి ఏమీ తెలియదు, మోనిటర్ మీద మాత్రమే బయటపడుతుంది.

ఇదే వేళలో మరో రెండు కనిపించవచ్చు. ఏట్రియల్ ఫ్లట్టర్‌లో నాడి వేగంగానే ఉన్నా చాలాసార్లు క్రమం తప్పదు, తరచు 150 దగ్గర నిలబడిపోయి ఉంటుంది. సైనస్ టాకీకార్డియాలో గుండె తన సహజమైన తాళంలోనే వేగం పెంచుకుంటుంది. నొప్పి, జ్వరం, రక్తం తగ్గడం, శరీరంలో నీరు తగ్గడం దానికి కారణాలు. ఈ మూడింటికీ చికిత్స ఒకటి కాదు కాబట్టి, గుండె వేగంగా కొట్టుకుంటోంది అన్న మాటతో సరిపెట్టుకోకుండా, ఈసీజీలో వచ్చిన లయ పేరేమిటని అడిగి రాసుకోవాలి.

ఈ ఆపరేషన్‌కే ఇది ఎందుకు ఎక్కువ

అన్నవాహిక ఛాతీలో దిగేటప్పుడు గుండె ఎడమ కర్ణిక వెనుక గోడను ఆనుకునే దిగుతుంది. గుండె వెనుక భాగాన్ని స్పష్టంగా చూడదలిచిన హృద్రోగ నిపుణులు గొంతులోంచి అన్నవాహికలోకి గొట్టం దింపి ఎకో తీసేది ఈ దగ్గరతనం వల్లే. అంత దగ్గరగా ఉన్నదాన్ని వేరు చేసి తీసేటప్పుడు గుండె పైపొర ఒరుసుకుంటుంది, వాస్తుంది. గుండె వేగాన్ని అదుపులో ఉంచే వేగస్ నరం అన్నవాహికను అల్లుకునే ఉంటుంది కాబట్టి దాని కొమ్మలు తెగిపోతాయి. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ చాలామందికి ఒక ఊపిరితిత్తిని ముడిచి ఉంచుతారు. తీసేసిన అన్నవాహిక స్థానంలో కడుపును సన్నని గొట్టంగా మలిచి పైకి లాగి, చాలామందిలో గుండె వెనుక నుంచే తీసుకెళ్లి అతుకుతారు. ఆ గొట్టం గాలితోనో ద్రవంతోనో ఉబ్బితే ఎడమ కర్ణికనే వెనుక నుంచి నొక్కుతుంది.

డిశ్చార్జి సమ్మరీలో కనిపించే పేర్లు కూడా తెలిసి ఉంటే మంచిది. ఐవర్ లూయిస్ ఆపరేషన్ అంటే పొట్ట, కుడి ఛాతీ తెరిచి అతుకును ఛాతీలోనే వేయడం; 1946లో దాన్ని వివరించిన వేల్స్ సర్జన్ పేరే దానికి ఉండిపోయింది. మెకియోన్ ఆపరేషన్‌లో అతుకు మెడలో ఉంటుంది. ట్రాన్స్‌హయాటల్ పద్ధతిలో ఛాతీ తెరవకుండా పొట్ట నుంచి, మెడ నుంచి పని పూర్తి చేస్తారు. అతుకు ఎక్కడ ఉందన్నది కుటుంబం తప్పక తెలుసుకోవాలి. తరువాత లీకు వస్తే మెడలోనిది చాలావరకు గాయం నుంచి బయటికి కనిపిస్తుంది, ఛాతీలోనిది కంటికి కనిపించదు.

వీటన్నిటికీ తోడు, ఆపరేషన్ నొప్పి, ఒత్తిడి వల్ల ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. సెలైన్‌గా ఎక్కించిన ద్రవాలు మొదట కణజాలంలోకి చేరి రెండో మూడో రోజు తిరిగి రక్తంలోకి వస్తాయి, కర్ణికలు సాగుతాయి. పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. వాపు ఉధృతంగా ఉండేదీ ఆ రోజుల్లోనే. అందుకే ఈ ఇబ్బంది ఆపరేషన్ అయిన వెంటనే కాక, రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య ఎక్కువగా వస్తుంది.

ఆపరేషన్‌కు ముందు చేయవలసినవి

ముందుగా, రోగి వాడే మందుల జాబితాను కాగితం మీద రాసి, మత్తు డాక్టరుకు స్వయంగా ఇవ్వాలి. మందుల సంచీ చూపించి వచ్చేస్తే చాలదు. బీపీ కోసమో గుండె కోసమో మెటోప్రొలాల్, అటెనలాల్, బైసోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడేవారు దాన్ని హఠాత్తుగా ఆపకూడదు; ఆపితే గుండె ఒక్కసారి పరుగు అందుకుంటుంది. ఆపరేషన్ రోజున ఏమీ తినకూడదు, తాగకూడదు అన్న మాటను పట్టుకుని చాలా ఇళ్లలో ఉదయం మందు కూడా మానేస్తారు. మరోవైపు కొన్ని బీపీ మందులను ఆ రోజు ఆపమని డాక్టర్లే చెబుతారు. కనుక ఏ మందు ఆపాలి, ఏది గుక్కెడు నీళ్లతో వేసుకోవాలి అన్నది ఒక్కొక్క మందు పేరు చదివి అడిగి రాయించుకోవాలి. అమెరికా ఛాతీ సర్జన్ల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, అప్పటికే బీటా బ్లాకర్ వాడుతున్నవారికి దాన్ని కొనసాగించమనే గట్టిగా చెబుతాయి.

లయ తప్పకుండా ముందే మందు ఇవ్వవచ్చు కదా అని కొందరు అడుగుతారు. 2010లో ప్రచురితమైన ఒక పరీక్షలో అన్నవాహిక ఆపరేషన్ చేయించుకున్న 80 మందిలో సగం మందికి గుండె లయను నిలబెట్టే అమియోడరోన్ అనే మందు ఎక్కించారు. మందు అందనివారిలో నూటికి 40 మందికి లయ తప్పితే, అందినవారిలో నూటికి 15 మందికే తప్పింది. అయినా ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గలేదు. ఆ మందు బీపీని తగ్గిస్తుంది, కొందరిలో నాడిని మరీ నెమ్మదింపజేస్తుంది. అందువల్ల దీన్ని అందరికీ ఇవ్వరు. వయసు పైబడినవారు, ఇంతకు ముందు ఏ ఫిబ్ వచ్చినవారు, ఎడమ కర్ణిక పెద్దదైందని ఎకోలో తేలినవారు మాత్రం ఈ విషయాన్ని ముందే డాక్టరుతో మాట్లాడుకోవడం న్యాయం.

ఆపరేషన్‌కు ముందు కీమో, రేడియేషన్ తీసుకున్నవారు ఆ రోజుల్లో జరిగినవన్నీ చెప్పాలి. సిస్‌ప్లాటిన్ తీసుకున్నవారిలో మూత్రం ద్వారా మెగ్నీషియం పోతుంది. ఫ్లోరోయురాసిల్, కెపెసిటబిన్ వాడుతుండగా ఛాతీనొప్పి వచ్చి ఉంటే అది గుండె రక్తనాళాలు బిగుసుకోవడం వల్ల కావచ్చు, దాన్ని గ్యాస్ అనుకుని దాచకూడదు. మింగుడు పడక వారాల తరబడి జావతో నెట్టుకొచ్చినవారికి పొటాషియం, మెగ్నీషియం మొదటే తక్కువగా ఉంటాయి కాబట్టి ఆ పరీక్షలు ఆపరేషన్‌కు ముందే చేయించి, లోటు ఉంటే సరిచేయించుకోవాలి. థైరాయిడ్ జబ్బు ఉంటే ఆ రిపోర్టు కూడా ఫైలులో పెట్టాలి.

మద్యం సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. రోజూ తాగే అలవాటు ఉన్న పెద్దాయన, కొడుకుల ముందు, కోడళ్ల ముందు ఆ మాట ఒప్పుకోడు. ఇంట్లోవారు పరువు కోసం మాట్లాడరు. మద్యం ఆగిపోయిన రెండో మూడో రోజున వణుకు, కలవరింత, గుండె దడ మొదలవుతాయి. సరిగ్గా అవే రోజుల్లో ఏ ఫిబ్ కూడా వచ్చే అవకాశం ఉంది. రెండూ కలిసి వస్తే అసలు కారణాన్ని విడదీయడం డాక్టర్లకు కష్టమవుతుంది. కనుక ఎంత తాగుతారో, ఆఖరుసారి ఎప్పుడు తాగారో మత్తు డాక్టరుకు ఏకాంతంగానైనా నిజం చెప్పాలి. బీడీ, చుట్ట, సిగరెట్టు పూర్తిగా మానాలి. మూడు బంతుల స్పైరోమీటర్‌తో ఊపిరి పీల్చే వ్యాయామం ఆపరేషన్‌కు ముందే నేర్చుకుంటే, ఆ తరువాత నొప్పిలో కొత్తగా నేర్చుకునే కష్టం తప్పుతుంది.

ఐసీయూలో ఉన్నప్పుడు

లోపల ఏం చేస్తున్నారో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. లయ తప్పగానే పన్నెండు లీడ్ల ఈసీజీ తీస్తారు, బీపీ చూస్తారు, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం, ఆక్సిజన్, హిమోగ్లోబిన్ పరీక్షిస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, అవసరమైతే ఎకో చేస్తారు. బీపీ బాగా పడిపోయి స్పృహ తగ్గుతున్నట్టుంటే, కొద్దిసేపు మత్తు ఇచ్చి కరెంటు షాకుతో లయను సరిచేస్తారు. ఆ మాట వినగానే గుండె ఆగిపోయిందని అనుకోనక్కరలేదు. ఇది ఈసీజీ తాళానికి జతచేసి ఇచ్చే షాకు, ఆగిన గుండెకు చేసే చికిత్స కాదు. బీపీ నిలకడగా ఉంటే, మొదట వేగాన్ని నిమిషానికి 110 కంటే కిందికి తెచ్చే మందులు ఇస్తారు. మెటోప్రొలాల్, ఎస్మొలాల్, డిల్టియాజెం, అమియోడరోన్ వీటిలో ముఖ్యమైనవి. రోగి గుండె బలం, ఊపిరితిత్తుల స్థితిని బట్టి ఏది ఎంచుకోవాలో నిర్ణయిస్తారు. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో లయ తిరిగి కుదురుతుంది.

అమియోడరోన్ చేతి నరంలోంచి ఎక్కుతుంటే, ఆ చేతిని కుటుంబం గమనించాలి. ఈ మందు చిన్న నరాలను త్వరగా మంటపెడుతుంది. సూది పెట్టిన చోట ఎర్రబడినా, గట్టిపడినా, రోగి మండుతోందన్నా వెంటనే నర్సుకు చెప్పాలి. చాలాసేపు ఎక్కించవలసి వస్తే మెడ దగ్గరి పెద్ద నరంలోని లైనుకు మారుస్తారు.

ఇక అసలు ప్రశ్న దగ్గరికి వద్దాం. లయ ఎందుకు తప్పిందో వెతికేటప్పుడు డాక్టర్లు మనసులో పెట్టుకునే జాబితాలో కొత్త అతుకు లీకు కావడం, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడం, పైకి లాగిన కడుపు గొట్టం ఉబ్బడం, కాలి నరంలోంచి రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరడం, లోపల రక్తస్రావం, ఛాతీలోని రసనాళం దెబ్బతిని పాలవంటి ద్రవం కారడం ఉంటాయి. వీటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అతుకు లీకు. లీకైన చోట నుంచి లాలాజలం, కడుపులోని రసం గుండె పక్కనే చేరతాయి. జ్వరం రాకముందే, తెల్లకణాలు పెరగకముందే గుండె పైపొర ఆ మంటకు స్పందించి లయ తప్పవచ్చు. రెండో రోజున పొటాషియం తక్కువగా ఉండి వచ్చిన ఏ ఫిబ్‌కూ, అప్పటిదాకా బాగా ఉన్న మనిషికి ఆరో రోజున కొత్తగా వచ్చిన ఏ ఫిబ్‌కూ తేడా ఉంది. రెండో సందర్భంలో లీకు లేదని తేలేదాకా ఉందనే అనుకుని వెతకడం మంచి పద్ధతి.

ఈ వెతుకులాటలో పక్కనున్నవారి కళ్లు పనికివస్తాయి. ఛాతీలోని ద్రవాన్ని బయటికి తీసే గొట్టంలో, అంటే డ్రెయిన్‌లో, వచ్చే ద్రవం నిన్నటికంటే చిక్కగా, మడ్డిగా, పచ్చగా, దుర్వాసనతో ఉందా అన్నది చూడాలి. పాలరంగులోకి మారితే అదీ చెప్పాలి. మెడ గాయం ఎర్రబడి కారుతోందా, మెడ దగ్గర చర్మం నొక్కితే బియ్యపు గింజలు నలిగినట్టు గరగరమంటోందా గమనించాలి. రోగి నిన్న లేచి నడిచి, ఇవాళ మంచం దిగనంటున్నాడా, మాట తడబడుతోందా, ఊపిరి గబగబా తీస్తున్నాడా అన్నది రోజూ చూసే ఇంటివారికి తెలిసినంతగా షిఫ్టులు మారే సిబ్బందికి తెలియదు. "మా నాన్నగారు నిన్నటిలా లేరండీ" అన్న ఒక్క మాటను మొహమాటపడకుండా డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. లీకు ఉందేమోనన్న అనుమానం వస్తే సీటీ స్కానో ఎండోస్కోపీయో చేస్తారు. పొద్దున వచ్చిన సర్జన్‌ను, లీకు లేదని ఎలా నిర్ధారించుకున్నారండీ అని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు.

ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబు విషయంలో మరో జాగ్రత్త ఉంది. అది పైకి లాగిన కడుపు ఉబ్బకుండా ఖాళీ చేస్తూ ఉంటుంది. మూసుకుపోతే కడుపు ఉబ్బి గుండెను నొక్కుతుంది, కక్కు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. సంచీలోకి ఏమీ రావడం లేదని, రోగికి ఎక్కిళ్లు, వికారం, ఛాతీ బరువు ఉన్నాయని అనిపిస్తే చెప్పాలి. ట్యూబు అనుకోకుండా ఊడివస్తే మళ్లీ లోపలికి తోయడానికి ఎవరూ ప్రయత్నించకూడదు, వార్డులో కొత్త సిబ్బంది ముందుకు వచ్చినా సర్జన్‌ను పిలవమనే అడగాలి, ఎందుకంటే ఆ దారిలో పచ్చి అతుకు ఉంది.

నొప్పి తగ్గించడానికి వెన్నులోని సన్నని గొట్టంలోంచి ఇచ్చే ఎపిడ్యూరల్ మందు సరిగా పనిచేయకపోతే రోగి ఓర్చుకుంటూ పడుకోకూడదు. నొప్పి వల్ల దగ్గడు, కఫం నిలుస్తుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, అడ్రినలిన్ పెరుగుతుంది. నొప్పిని భరించడం ధైర్యమనుకునే మన పెద్దలకు ఈ సంగతి విడమరచి చెప్పాలి.

రక్తం పలచన చేసే మందుల గురించి

కర్ణికలు ముడుచుకోకుండా వణుకుతున్నప్పుడు ఎడమ కర్ణికకు అంటుకుని ఉన్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. లయ 48 గంటలు దాటి తప్పి ఉన్నా, పదేపదే తప్పుతున్నా రక్తం పలచన చేసే మందు అవసరమా అని డాక్టర్లు ఆలోచిస్తారు. అప్పుడు ఒక పాయింట్ల లెక్క వేస్తారు. గుండె బలహీనత, బీపీ, షుగర్, గుండె రక్తనాళాల జబ్బు ఒక్కొక్కదానికి ఒక పాయింటు, 65 నుంచి 74 ఏళ్ల వయసుకు ఒకటి, 75 నిండితే రెండు, అంతకు ముందు పక్షవాతం వచ్చి ఉంటే రెండు, కొన్ని లెక్కల్లో స్త్రీలకు ఒకటి. మరోవైపు తాజా గాయాల నుంచి రక్తస్రావం అయ్యే ప్రమాదం, వెన్నులో ఎపిడ్యూరల్ గొట్టం ఉంటే దాని చుట్టూ రక్తం చేరే ప్రమాదం ఉన్నాయి. ఈ రెంటినీ తూచి చూసే నిర్ణయం కాబట్టి ఒకరికి వెంటనే మొదలుపెట్టి, మరొకరికి కొన్నాళ్లు ఆగమనడం సహజం. పక్క మంచం రోగితో పోల్చుకోకూడదు.

ఇక్కడ ఎవరూ అడగని ఒక ప్రశ్న ఉంది. ఈ ఆపరేషన్ అయినవారిలో చాలామందికి పేగులోకి నేరుగా ఫీడింగ్ ట్యూబు ఉంటుంది, మందులు అందులోంచే వేస్తారు. అన్ని మాత్రలూ నూరి ట్యూబులో వేయదగినవి కావు. నెమ్మదిగా విడుదలయ్యే మెటోప్రొలాల్ మాత్రను నూరితే ఒక రోజు మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. డబిగాట్రాన్ గొట్టం మాత్రను విప్పి పొడి వేస్తే అవసరానికి మించి మందు రక్తంలో చేరుతుంది. రివరాక్సబాన్ కడుపు దాటి పేగులోకి నేరుగా వెళ్తే సరిగా ఒంటబట్టదు. కనుక ప్రతి మందుకూ దీన్ని నూరవచ్చా, పేగు ట్యూబులో వేయవచ్చా అని డాక్టరునో ఫార్మసిస్టునో అడిగి, చీటీ మీదే రాయించుకోవాలి. మందు వేశాక ట్యూబును నీళ్లతో కడగడం మరవకూడదు.

ఇంటికి వచ్చాక

నాడి లెక్కించడం ఇంట్లో ఒకరైనా నేర్చుకోవాలి. రోగిని ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా అరవై సెకన్లు లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే లయ తప్పిన నాడి విషయంలో లెక్క తప్పుతుంది. ఉదయం, సాయంత్రం తేదీ, సమయం, సంఖ్య, తాళం సరిగా ఉందా లేదా అన్నది ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఆక్సీమీటరు, స్మార్ట్ వాచీ చూపే అంకెలు సాయపడతాయి గాని, లయ చెదిరినప్పుడు వాటిని పూర్తిగా నమ్మకూడదు; బీపీ మిషను కూడా అలాంటప్పుడు ఒక్కోసారి ఒక్కో అంకె చూపుతుంది కాబట్టి మూడుసార్లు చూసి రాయాలి. బీటా బ్లాకరో అమియోడరోనో వాడుతున్నవారికి నాడి 50 కంటే తగ్గితే తరువాతి మోతాదు వేసే ముందు డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఇంట్లో ఎక్కువగా గందరగోళం పుట్టించేది భోజనం తరువాత వచ్చే దడ. కడుపు ఇప్పుడు సన్నని గొట్టంగా మారింది కాబట్టి తిన్నది త్వరగా పేగులోకి జారిపోతుంది. తిన్న పది నుంచి ముప్పై నిమిషాల్లో దడ, చెమట, కళ్లు తిరగడం, కడుపులో నొప్పి, విరేచనం వస్తే దాన్ని డంపింగ్ అంటారు. తీపి తిన్న గంట నుంచి మూడు గంటల తరువాత నీరసం, వణుకు వస్తే అది రక్తంలో చక్కెర పడిపోవడం వల్ల. ఈ దడలో నాడి వేగంగా ఉన్నా తాళం తప్పదు, కాసేపు పడుకుంటే తగ్గుతుంది. ఏ ఫిబ్‌లో తాళమే ఉండదు, అది భోజనంతో సంబంధం లేకుండా వస్తుంది. నోటు పుస్తకంలో తిన్న సమయం కూడా రాసి ఉంటే ఈ తేడా డాక్టరుకు ఒక్క చూపులో తెలిసిపోతుంది.

డంపింగ్ తగ్గాలంటే రోజుకు ఆరేడు సార్లు కొంచెం కొంచెం తినాలి. మెత్తని ఇడ్లీ, పెరుగన్నం, మెత్తగా ఉడికించిన పప్పన్నం, గుడ్డు నెమ్మదిగా నమిలి తినాలి. భోజనం మధ్యలో నీళ్లు తాగకుండా అరగంట ఎడం ఇవ్వాలి. బెల్లం పాయసం, జ్యూసులు, గ్లూకోజు నీళ్లు నీరసానికి మంచివని బంధువులు తెచ్చిపెడతారు. ఈ రోగికి అవే దడ తెప్పిస్తాయి. తిన్నాక నిటారుగా కూర్చోవాలి. రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య రెండు మూడు గంటలు ఉంచి, మంచం తలవైపు ఎత్తు చేసి పడుకోవాలి. విరేచనాలు, వాంతులు రెండు రోజులు సాగితే పొటాషియం పరీక్ష చేయించాలి. కొబ్బరినీళ్లు మంచివే గాని, కిడ్నీ జబ్బు ఉన్నవారు అడగకుండా తాగకూడదు.

రక్తం పలచన చేసే వార్ఫరిన్ గాని, మన దగ్గర ఎక్కువగా రాసే అసిట్రోమ్ గాని వాడుతుంటే, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చెప్పిన తేదీకే చేయించాలి. తోటకూర, పాలకూర, మునగాకు పూర్తిగా మానక్కరలేదు, ప్రతి వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. అమియోడరోన్ మొదలుపెట్టినా, ఆపినా ఐఎన్ఆర్ మారిపోతుంది కాబట్టి అదనంగా పరీక్ష అవసరం. మందుల షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు రక్తస్రావానికి దారితీస్తాయి. కడుపు కదలిక కోసం ఇచ్చే డోంపెరిడోన్, ఎరిత్రోమైసిన్, వాంతులకు ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ అమియోడరోన్‌తో కలిస్తే గుండె విద్యుత్తులో వేరొక ప్రమాదకరమైన మార్పు రావచ్చు. వాటిని రాసే డాక్టరుకు ఈ మందు వాడుతున్నామని చెప్పి, ఈసీజీ చూడమని అడగాలి. బరువు పది కిలోలు తగ్గిన మనిషికి పాత బీపీ మందు మోతాదు ఎక్కువ కావచ్చు. లేవగానే కళ్లు తిరుగుతుంటే దాన్నీ చూపించుకోవాలి.

ఎప్పుడు ఆగకూడదంటే: కూర్చున్నచోటే ఊపిరి ఆడకపోయినా, ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, విశ్రాంతిలో నాడి అరగంటపాటు 120 పైనే ఉండి తాళం తప్పినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పక్షవాతం లక్షణాలు కనిపిస్తే అవి ఎన్ని గంటలకు మొదలయ్యాయో, ఆపరేషన్ ఏ తేదీన జరిగిందో చెప్పాలి. పెద్ద ఆపరేషన్ అయిన కొత్తలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడం ప్రమాదం కాబట్టి, రక్తనాళంలోంచి గడ్డను బయటికి లాగే సదుపాయం ఉన్న ఆసుపత్రి అవసరం కావచ్చు. చలిజ్వరం, మెడ గాయం నుంచి దుర్వాసన, నల్లని విరేచనం కూడా మర్నాటి దాకా ఆగే విషయాలు కావు. దగ్గరి క్లినిక్కులో గ్యాస్ ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికి రాకుండా, ఆపరేషన్ చేసిన బృందానికే ఫోన్ చేయాలి.

చాలామందిలో నాలుగు నుంచి ఆరు వారాల్లో లయ స్థిరపడుతుంది. అమియోడరోన్‌ను ఏ తేదీన ఆపాలో డిశ్చార్జి కాగితంలో లేకపోతే అడిగి రాయించుకోవాలి. ఆ తేదీ లేక, పాత చీటీతోనే నెలల తరబడి కొనుక్కుని వాడేవారున్నారు. అలా వాడితే థైరాయిడ్, ఊపిరితిత్తులు, కాలేయం దెబ్బతినవచ్చు. రక్తం పలచన చేసే మందు మాత్రం సొంత నిర్ణయంతో ఆపకూడదు. ఒకసారి ఇలా లయ తప్పినవారికి తరువాతి సంవత్సరాల్లో మళ్లీ రావచ్చు కాబట్టి, క్యాన్సర్ పరీక్షలకు వెళ్లినప్పుడే గుండె డాక్టరుకూ చూపించి, ఈసీజీ, అవసరమైతే ఇరవైనాలుగు గంటలూ గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష చేయించుకోవాలి.

ఆ రోజుకు తీసుకెళ్లే ఫైలులో లయ తప్పినప్పటి ఈసీజీ కాపీ, కుదిరాక తీసిన ఈసీజీ కాపీ, ఎకో రిపోర్టు, నాడి నోటు పుస్తకం, ఇప్పుడు వాడే మందుల పేర్లు మోతాదులతో సహా ఉండాలి. ఈసీజీ కాగితం మీది అచ్చు నెలల్లో వెలిసిపోతుంది కాబట్టి ఇచ్చిన రోజే ఫోనుతో ఫోటో తీసి దాచుకోవాలి. పిల్లలు విదేశాల్లో ఉండి ఫోన్‌లో అడుగుతుంటే, ఆ ఫోటోతోపాటు లయ పేరు, మొదలైన రోజు, డాక్టర్లు చెప్పిన కారణం, వాడుతున్న మందు అన్న నాలుగు సంగతులూ పంపితే, అక్కడ వారు మరో డాక్టరును అడగడానికి అవి సరిపోతాయి.